నల్లమల దాకా నడిచిన గవ్వ

అష్టా చెమ్మా పందెంలో వేసేదీ, సుగాలీల పావడాలకు కుట్టేదీ, ఒకప్పుడు వంగదేశపు రైతులు శిస్తు కింద కట్టినదీ ఒకే జాతి గవ్వ. వెచ్చటి సముద్రాల్లో బతికే ఒక చిన్న నత్త కట్టుకునే చిప్ప అది. స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త కార్ల్ లినేయస్ 1758లో దీనికి సైప్రియా మొనెటా అని పేరు పెట్టాడు. పేరులోని రెండో మాట లాటిన్‌లో నాణేనికి చెల్లుతుంది. ఇప్పటి వర్గీకరణలో దాని పేరు మొనెటేరియా మొనెటా. రెండు వందలకు పైబడిన గవ్వ జాతుల్లో ఇంతకంటే అందమైనవి, పులి మచ్చలవి, పాలపిట్ట గుడ్డంత నున్ననివి చాలా ఉన్నాయి. చరిత్రలోకి ఎక్కింది మాత్రం వేలి కొనంత ఉండే ఈ పసుపు పచ్చ గవ్వే.

దీని పొడవు మామూలుగా రెండు, రెండున్నర సెంటీమీటర్లు. బరువు ఒక గ్రాముకు కాస్త ఎక్కువ. అంచులు బొడిపెలు తేలి, వీపు కొంచెం గూనిగా ఉంటుంది. కింది వైపు సన్నటి చీలిక, దానికి రెండు పక్కలా పళ్ళు. నత్త పగలు రాళ్ళ సందుల్లో, పగడపు దిబ్బల కింద దాక్కుని, రాత్రి బయటికొచ్చి రాళ్ళ మీది నాచు గీరుకు తింటుంది. తిరిగేటప్పుడు దాని మెత్తటి తోలు మడతలు రెండు పక్కల నుంచీ పైకి పాకి చిప్పను కప్పేస్తాయి. గవ్వకు ఆ మెరుగు అందువల్లే వచ్చింది: కొత్త పూత ఎప్పటికప్పుడు బయటి నుంచే పడుతుంది, నాచూ నలుసూ అంటుకునే వీలుండదు. మామూలు నత్త గుల్లలా ఇది జీవితమంతా పెరగదు. పిల్లగా ఉన్నప్పుడు చిప్ప పల్చగా, నోరు వెడల్పుగా ఉంటుంది. ఈడు వచ్చాక పెదవి లోపలికి ముడుచుకుని పళ్ళు ఏర్పడతాయి. ఆ తరవాత పొడవు పెరగదు, మందం మాత్రం ఎక్కుతుంది. ఒక చోట పట్టిన గవ్వలన్నీ ఇంచుమించు ఒకే కొలతలో ఉండడానికి కారణం ఇదే. ఆడ నత్త గుడ్ల గుత్తి మీద కూర్చుని కాపలా కాస్తుంది. పిల్లలు కొన్నాళ్ళు నీటిలో కొట్టుకుపోతూ దూర తీరాలకు చేరతాయి. ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా మొదలుకుని పసిఫిక్ అవతలి ఒడ్డు దాకా ఈ జాతి వ్యాపించడం వాటి చలవే.

పశ్చిమ ప్రకాశంలోని కొనకనమిట్ల ఈ వ్యాప్తి పటంలో ఎక్కడా కనిపించదు. పొదిలికీ మార్కాపురానికీ మధ్య, సముద్రానికి సుమారు 80 కిలోమీటర్ల పడమరగా ఉన్న మెట్ట నేల అది. దగ్గరి తీరమైన కొత్తపట్నం, చినగంజాం వైపు అంతా ఇసుక. పగడపు దిబ్బలు లేవు, కాబట్టి ఈ నత్త విరివిగా బతికే చోటు కాదు. మన్నారు సింధుశాఖ, లక్షదీవులు, అండమాన్లు దాని నెలవులు. అన్నిటికంటే ఎక్కువగా దొరికేది మాల్దీవుల్లో. పశ్చిమ ప్రకాశం ఇళ్ళల్లో, తండాల్లో ఉన్న పాత గవ్వలు ఎక్కడో దూరపు దీవుల్లో పుట్టి, కొన్ని చేతులు మారి వచ్చినవే.

మాల్దీవుల్లో గవ్వలు పట్టడం ఆడవాళ్ళ పనిగా ఉండేది. 1602లో ఓడ బద్దలై అక్కడ చిక్కుకుని 1607 దాకా ఉన్న ఫ్రెంచివాడు పిరార్ ద లవాల్ ఆ తీరును రాసిపెట్టాడు. అమావాస్యకూ పౌర్ణమికీ మూడు రోజులు ముందు, మూడు రోజులు వెనక, నీరు బాగా తీసే వేళ చూసి ఆడవాళ్ళు నడుము లోతు నీటిలో దిగి ఏరేవారట. కొబ్బరి మట్టలు కట్టకట్టి నీటిలో వదిలి, వాటికి పట్టుకున్న గవ్వలను ఒడ్డుకు లాగడం ఇంకో పద్ధతి. పట్టినవాటిని ఇసుకలో పూడ్చిపెడితే లోపలి మాంసం కుళ్ళిపోతుంది. తరవాత కడిగి ఎండబెడితే సరుకు సిద్ధం. కొబ్బరాకు బుట్టల్లో పన్నెండు వేల లెక్కన కట్టేవారు. ఏటా ముప్పై నలభై ఓడలు ఇంకే సరుకూ లేకుండా గవ్వలతోనే వంగదేశానికి పోవడం తనకు తెలుసని పిరార్ అంటాడు. తిరుగు ఓడల్లో బియ్యం వచ్చేది. వరి పండని దీవులకు ఈ నత్తే పంట అయింది.

అంతకు ముందే, 1343–44లో, మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా అదే దీవుల్లో ఖాజీగా పనిచేశాడు. నాలుగు లక్షల గవ్వలకు ఒక బంగారు దీనారు అక్కడి ధర, ఒక్కోసారి పది లక్షలకు గానీ దీనారు రాదు అని రాశాడు. కొన్నేళ్ళకు పశ్చిమ ఆఫ్రికా వెళ్ళినప్పుడు అక్కడ 1,150 గవ్వలకే దీనారు వస్తోంది. మూడు వందల రెట్లకు పైబడిన ఈ తేడాలోనే రాబోయే నాలుగు శతాబ్దాల లాభాలూ, దుర్మార్గమూ ఇమిడి ఉన్నాయి.

గవ్వ డబ్బు కావడం ఈ కథలోకి ఆలస్యంగా వచ్చిన సంగతేమీ కాదు. చైనాలోని అన్యాంగ్ దగ్గర 1976లో తవ్విన ఫూ హావ్ రాణి సమాధిలో 6,800కు పైగా గవ్వలు దొరికాయి. ఆమె కాలం క్రీస్తుకు పూర్వం 1200 ప్రాంతం. అవి డబ్బో కానుకలో తేల్చడం అంత తేలిక కాదు గానీ, విలువైనవన్న విషయంలో సందేహం లేదు. క్రీస్తు శకం ఐదో శతాబ్ది మొదట్లో ఉత్తర భారతంలో తిరిగిన ఫాహియాన్ మాత్రం అంగళ్ళలో గవ్వలతో క్రయవిక్రయాలు సాగుతున్నాయని స్పష్టంగా చెప్పాడు. 1150లో భాస్కరాచార్యుడు లీలావతి గణితాన్ని మొదలుపెట్టిందే ఈ పట్టికతో: ఇరవై వరాటకాలు, అంటే గవ్వలు, ఒక కాకిణి, నాలుగు కాకిణులు ఒక పణం, పదహారు పణాలు ఒక ద్రమ్మం. హెచ్చవేస్తే ద్రమ్మానికి 1,280 గవ్వలు. ఒడిశాలో ఆంగ్లేయుల నాటి దాకా నడిచిన లెక్కలో నాలుగు గవ్వలు ఒక గండ, ఇరవై గండలు ఒక పణం, పదహారు పణాలు ఒక కాహాణం. అదీ సరిగ్గా 1,280 గవ్వలే. మధ్య మెట్లు మారినా ఆరున్నర శతాబ్దాల్లో మొత్తం మారలేదు. బంగారు నాణేల చరిత్రలోనూ ఇంత నిలకడ అరుదు.

డబ్బుగా గవ్వ గుణాలు సామాన్యమైనవి కావు. విరగదు, తుప్పు పట్టదు, నకిలీ చేయడం దానికయ్యే ఖర్చుకు గిట్టదు. లెక్కపెట్టవచ్చు, తూచవచ్చు, కుంచంతో కొలవవచ్చు. అన్నిటికీ మించి, కూరగాయల సంతలో, కూలి చేతిలో చెల్లేంత చిన్నది. వెండి రూపాయిని ఎంత చిన్న ముక్కలు చేసినా గుప్పెడు ఉప్పు ధరకు దిగి రాదు. చిక్కు పెద్ద మొత్తాల దగ్గర వస్తుంది. 1778 తరవాత సిల్హెట్ జిల్లా కలెక్టరుగా ఉన్న రాబర్ట్ లిండ్సే ఆ చిక్కును నిలువునా అనుభవించాడు. అతని జిల్లా శిస్తు రెండున్నర లక్షల రూపాయలు. రూపాయికి 5,120 గవ్వల లెక్కన అది మొత్తం గవ్వల్లోనే వసూలయ్యేది. అంటే 128 కోట్ల గవ్వలు, దగ్గర దగ్గర 1,400 టన్నుల బరువు. దాచడానికి పెద్ద పెద్ద గోదాములు కావలసి వచ్చాయి. ఏటా పడవల దండు కట్టి ఢాకాకు పంపితే, దారి దోపిడీలు కాక వందకు పది వంతుల నష్టం వచ్చేదని అతనే రాసుకున్నాడు.

ఆఫ్రికా కథ ఇంతకంటే చీకటిది. పోర్చుగీసులు మొదలుపెట్టిన గవ్వల రవాణాను డచ్చివాళ్ళూ ఆంగ్లేయులూ పెద్ద వ్యాపారం చేశారు. మాల్దీవు గవ్వలు సింహళం, బాలాసోరు, వంగ రేవుల్లో కొని, ఓడ అడుగున బరువు కోసం పోసి, యూరప్ చేర్చి, అక్కడ వేలం వేసి గినీ తీరానికి పంపేవారు. అక్కడ వాటితో మనుషులను కొన్నారు. 1700 నుంచి 1790 దాకా ఈ రెండు దేశాలు పశ్చిమ ఆఫ్రికాకు చేరవేసినవి 11,000 టన్నులకు పైనే, సుమారు వెయ్యి కోట్ల గవ్వలని చరిత్రకారులు యాన్ హోగెన్‌డార్న్, మారియన్ జాన్సన్ లెక్క తేల్చారు. సరుకు పెరిగే కొద్దీ ధర పడిపోయింది. పదిహేడో శతాబ్ది చివర పది వేలకు దొరికిన బానిసకు వందేళ్ళు తిరగకముందే లక్షకు మించి పోయాల్సి వచ్చింది. 1840లలో హాంబర్గ్ వర్తకులు జాంజిబార్ నుంచి ఇంకో జాతి గవ్వను, వీపు మీద బంగారు వలయం ఉండే దానిని, ఓడలకొద్దీ దించారు. ఆ వరదకు పశ్చిమ ఆఫ్రికాలో గవ్వ డబ్బు కుదేలైంది. అయినా జ్ఞాపకం పోలేదు: 1965లో ఘానా తన కొత్త నాణేనికి గవ్వ పేరే, సెడి అని, పెట్టుకుంది.

భారతంలో గవ్వను డబ్బు పీట మీద నుంచి దించింది మార్కెట్టు కంటే ఎక్కువగా సర్కారు. 1803లో ఒడిశాను పట్టుకున్న ఈస్టిండియా కంపెనీ కొన్నేళ్ళలోనే శిస్తు వెండి రూపాయల్లో కట్టాలని పట్టుబట్టింది. రైతు చేతిలో గవ్వలే ఉన్నాయి. అందరూ ఒకేసారి రూపాయల కోసం పరుగెత్తేసరికి నాలుగు కాహాణాల రూపాయి ఆరు, ఏడు కాహాణాలకు ఎక్కింది. శిస్తు అంకె మారకుండానే బరువు సగానికి సగం పెరిగినట్టయింది. దాని మీద కంపెనీ ఉప్పు గుత్తాధిపత్యం వచ్చి పడింది. 1817లో ఖుర్దాలో బక్షీ జగబంధు నాయకత్వాన పైకులు, అంటే సైనిక మాన్యాల మీద బతికే సిపాయిలు, తిరగబడడానికి భూములు పోవడంతో పాటు ఈ రెండూ కారణాలే. 1835 చట్టంతో దేశమంతటికీ ఒకే రూపాయి వచ్చాక, రూపాయిలో 192వ వంతైన రాగి పై గవ్వ స్థానంలో కూర్చుంది. పాత ధరలో చూస్తే ఒక పై దాదాపు ఇరవై ఏడు గవ్వలకు సమానం. అంతకంటే చిన్న బేరం చేయాల్సినవాడికి ఏ నాణెమూ మిగల్లేదు.

నల్లమల తూర్పు వాలున పరిస్థితి వేరు. విజయనగర రాజుల నాటి నుంచీ ఇక్కడ వరహా, పణం, రాగి కాసు నడిచాయి. కంభం చెరువు కట్టించిందని జనం చెప్పుకునే వరదరాజమ్మ గజపతుల ఆడపడుచు. గవ్వల లెక్క నడిచే దేశం నుంచి కాసుల లెక్క నడిచే దేశానికి కోడలిగా వచ్చింది. చిల్లర అవసరం రాగితో తీరిన చోట గవ్వకు ప్రధాన నాణెంగా చోటు దొరకలేదు. చేతిలో చిల్లిగవ్వ లేదన్న మాట తెలుగువాళ్ళందరి నోటా ఉంది నిజమే. కానీ ఆ మాటను పట్టుకుని మార్కాపురం సంతలో గవ్వలతో బేరాలు సాగాయనుకోవడం తొందరపాటు. ఈ సీమకు గవ్వ వచ్చింది వేరే దారిలో, ఎద్దుల మీద.

ఆ ఎద్దులు లంబాడీలవి. పశ్చిమ ప్రకాశంలో వారిని సుగాలీలు అనడమే ఎక్కువ. మార్వాడు వైపు నుంచి మొగలు సైన్యాలకు ధాన్యం మోస్తూ పదిహేడో శతాబ్దిలో దక్కను దిగిన ఈ బిడారుల వాళ్ళు ఆ తరవాత ఎవరి యుద్ధమైనా ధాన్యం చేరవేశారు. 1791–92లో టిప్పు మీదికి వెళ్ళిన కార్న్‌వాలిస్ సైన్యం వారి బిడారుల మీదే ఆధారపడింది. వారి గురువు సేవాలాల్ మహరాజ్ 1739లో గుత్తి దగ్గర పుట్టాడని సంప్రదాయం. యుద్ధాలు లేనప్పుడు వారి సరుకు ఉప్పు. చినగంజాం, కనపర్తి ఉప్పు మడుల నుంచి పడమటికి పోవాలంటే పొదిలి, మార్కాపురం, కంభం మెట్టలు దాటి నల్లమల కనుమలు ఎక్కాలి. బండి నడవని కొండ దారిలో పెరిక ఎద్దే గతి. పెద్ద కనుమలు రెండు: గిద్దలూరు వైపు నుంచి నంద్యాలకు నంది కనుమ, దోర్నాల నుంచి ఆత్మకూరు వైపు మంట్రాల కనుమ. కొనకనమిట్ల పల్లెలు తీరానికీ ఆ కొండలకూ నడుమ ఉన్న మెట్టలోవి. ఉప్పు పైకి, జొన్నలూ పప్పులూ కిందికి.

బిడారులో ముందు నడిచే ఎద్దుకు ప్రత్యేక మర్యాద. దాని నుదుటికీ కొమ్ములకూ మెడకూ గవ్వలు కుట్టిన పట్టీలు, అద్దాల గుడ్డలు, గంటలు. వెనకున్న వందల ఎద్దులు ఆ గంటల చప్పుడును పట్టుకుని నడుస్తాయి. అలాంటి గవ్వలే ఆడవాళ్ళ బట్టల మీదా ఉన్నాయి: పేట్యా అనే కుచ్చుల పావడా నడికట్టుకు, కాంచళి రవికె అంచులకు, తల మీది ముసుగుకు, నీళ్ళ బిందె కింద పెట్టుకునే చుట్టకుదురుకు, దాని వెనక వీపు మీదికి వేలాడే గుడ్డకు. కుట్టడానికి గవ్వ వీపు గూనిని కొట్టి తీసేస్తారు, లేదా రాతి మీద అరగదీస్తారు. అప్పుడు అది గుడ్డ మీద చదునుగా కూర్చుంటుంది, పళ్ళ చీలిక పైకి కనబడుతుంది, దారం చీలికలో నుంచి బొక్కలోకి పోతుంది. డబ్బు లెక్కలో ఇలా చెడగొట్టిన గవ్వ ఎందుకూ కొరగాదు. కుట్టు పనిలో మాత్రం బొక్క పడ్డాకే గవ్వ పనికొస్తుంది. డబ్బుగా గవ్వ చచ్చిపోయినా తండాల్లో దానికి ఏ లోటూ రాకపోవడానికి అసలు కారణం ఇక్కడే ఉంది: ఆ గవ్వలు చలామణీలో నుంచి ముందే బయటికి వచ్చేశాయి, రూపాయి ధర ఎక్కినా దిగినా వాటికి ఏమీ కాలేదు. ఆ బట్టల మీదే గవ్వ పక్కన పాత పావలా బిళ్ళలు, జార్జి రాజు బొమ్మ అణాలు కుట్టి ఉంటాయి. సర్కారు రద్దు చేసిన రెండు రకాల డబ్బూ ఒకే వరసలో.

తండాల బయట గవ్వ ఇంకో మూడు నాలుగు చోట్ల స్థిరపడింది. మైలారలింగడిని కొలిచే గొరవయ్యలు, ముఖ్యంగా కర్నూలు, అనంతపురం సీమల్లో, ఎలుగుబంటి వెంట్రుకల కుచ్చుటోపీతో పాటు గవ్వల పట్టాలు కట్టుకుని ఢమరుకం వాయిస్తూ ఆడతారు. మార్కాపురం, గిద్దలూరు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే దాకా కర్నూలు జిల్లావే కాబట్టి ఆ ఆచారం ఈ వైపువాళ్ళకు కొత్త కాదు. ఎల్లమ్మను మోసే బుట్టలకూ గవ్వలుంటాయి. ఇళ్ళల్లో దాని చోటు ఆట దగ్గర. అష్టా చెమ్మాకు నాలుగు గవ్వలు చాలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. గూని వీపు వల్ల గవ్వ బోర్లా పడడం, వెల్లకిలా పడడం సమానంగా జరగవు, గవ్వ గవ్వకూ ఆ తేడా మారుతుంది. ఇంట్లో పాత గవ్వలు ఎలా పడతాయో తెలిసిన అవ్వలతో ఆడి గెలవడం కష్టం. పండగ పిండివంటల్లో బెల్లం గవ్వల మాట సరేసరి: గీతల చెక్క మీద బొటనవేలితో పిండిని నొక్కి లాగితే పళ్ళతో సహా ఆకారం దిగుతుంది. సముద్రం చూడని ఊళ్ళో కూడా ఆ నత్త రూపం ఆడవాళ్ళ బొటనవేళ్ళకు కంఠతా వచ్చు.

బిడారుల బతుకును దెబ్బతీసింది రైలు. 1880లలో దక్షిణ మరాఠా రైల్వే నల్లమల మీదుగా దొరబావి లోయకు ఎత్తైన వంతెన కట్టి, బొగద దగ్గర సొరంగం తొలిచి మీటర్ గేజి దారి వేసింది. కంభం, గిద్దలూరుల నుంచి నంద్యాలకు ఎద్దులు రోజుల తరబడి మోసిన ఉప్పు ఒక పూటలో చేరిపోయింది. ఉప్పు మీద అప్పటికే మద్రాసు సర్కారు గుత్తాధిపత్యం ఉంది. తిరుగుతూ బతికినవాళ్ళు కొండ అంచుల్లో తండాలు వేసుకుని సేద్యానికీ కూలికీ దిగారు: ఎర్రగొండపాలెం, పుల్లలచెరువు, దోర్నాల, గిద్దలూరు వైపు తండాలు నేటికీ ఉన్నాయి. తిరిగే జనాలను అనుమానంగా చూసిన సర్కారు 1911 నుంచి మద్రాసు రాజధానిలో నేరస్త జాతుల చట్టాన్ని కఠినంగా అమలు చేసి, సుగాలీల్లోనూ కొన్ని ముఠాలను ఆ జాబితాలో చేర్చింది. తరతరాలుగా సైన్యాలకు అన్నం చేరవేసినవాళ్ళకు దొరికిన బిరుదు అది. స్వాతంత్ర్యం తరవాత గానీ ఆ ముద్ర చెరగలేదు.

ఎద్దుల గంటలు పోయినా బట్టల మీది గవ్వలు మిగిలాయి. పెళ్ళికి కూతురికి ఇచ్చే పేట్యా, కాంచళి తల్లీ అమ్మమ్మా ఏళ్ళ తరబడి కుట్టినవి. ఇప్పటి ఆడపిల్లలు రోజూ వాటిని కట్టుకోరు. చీర, పంజాబీ డ్రెస్సు తేలిక. ఒక పాత జత బరువు కొన్ని కిలోలు ఉంటుంది, ఉతకడం కుదరదు, ఎండాకాలం భరించలేరు. పెళ్ళిళ్ళకూ, తీజ్ పండక్కీ, సేవాలాల్ జయంతికీ బయటికి తీస్తారు. కొత్తగా కుట్టేవాళ్ళలో కొందరు ప్లాస్టిక్ గవ్వలు వాడుతున్నారు. బరువు తక్కువ, ధర తక్కువ, అన్నీ ఒకే అచ్చు. పక్కన కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చి, అక్కడి ఆడవాళ్ళకు అది జీతం తెచ్చే పనిగా మారింది. ఇంకో వైపు పాత బట్టలు కొనే వ్యాపారులు తండాలు తిరిగి జతలు కొని, గవ్వల పట్టీలను కత్తిరించి, గోవా సంతల్లో సంచులుగా, నడుం పట్టీలుగా పర్యాటకులకు అమ్ముతున్నారు. లెక్క నుంచి ఎన్నడో తప్పుకున్న గవ్వకు మళ్ళీ ధర పలుకుతోంది, ఈసారి పట్టీల కొలతన.